పాయ తీసి చూడకుండా మందు రాయొద్దు

తల దురద కోసమే ప్రత్యేకంగా డాక్టరు దగ్గరికి వచ్చేవాళ్లు తక్కువ. జ్వరానికో, బీపీ మాత్రలకో, పిల్లాడి దగ్గుకో వస్తారు. చీటీ చేతికి అందాక, కుర్చీలోంచి లేస్తూ, "డాక్టరమ్మా, ఇంకొక్క మాట. తల ఒకటే దురద" అంటారు. అప్పటికే వరండాలో బెంచీలు నిండి ఉంటాయి. చీటీ వెనక్కి తీసుకుని అడుగున ఏదో షాంపూ పేరు రాసి ఇచ్చేయడం మా వృత్తిలో మామూలైపోయింది. రోగి వెళ్లిపోతాడు. ఆ తల ఎవరూ చూడలేదు.

నరసరావుపేటలో జనరల్ ప్రాక్టీసు మొదలుపెట్టి మూడు దశాబ్దాలు దాటింది. ఈ వ్యాసంలో నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. జుట్టు పాయ తీసి మాడు చూడకుండా తల దురదకు ఏ మందూ రాయకూడదు. గుండె మీద స్టెతస్కోపు పెట్టకుండా ఆయాసానికి మందు రాస్తే తప్పంటాం కదా, ఇదీ అంతే తప్పు. పేలు కుట్టినా, చుండ్రు రేగినా, తామర సోకినా, సోరియాసిస్ లేచినా, జుట్టు రంగు పడకపోయినా, షుగరుతో నరాలు దెబ్బతిన్నా రోగి నోటి నుంచి వచ్చే మాట మాత్రం "దురద" అనే. పైగా వీటిలో ఒకదానికి పనికొచ్చే మందు ఇంకొకదానికి చేటు చేస్తుంది. సోరియాసిస్ పొలుసును అణిచే స్టిరాయిడ్ లోషన్ తామర మీద పడితే అది లోలోపల పాకుతుంది. అందుకే ఊహించి రాయడం కుదరదు.

చూడటం అంటే ఏమిటో కొంచెం వివరంగా చెబుతాను. మా గదిలో రోగి కుర్చీని కిటికీ పక్కన వేయించాను. ట్యూబులైటు కింద ఈపికీ పొట్టుకీ తేడా సరిగ్గా తెలియదు, పగటి వెలుతురు కావాలి. నుదుటి దగ్గర మొదలుపెట్టి మెడ దాకా, వేలెడు దూరానికో పాయ తీసుకుంటూ పోతాను. తర్వాత చెవుల వెనక, మెడ వంపులో. ఆ తర్వాత తల వదిలేసి కనుబొమలు, ముక్కు పక్క మడతలు, మోచేతులు, గోళ్లు, వేళ్ల సందులు. మాడు మీద దొరకని జవాబు చాలాసార్లు గోటి మీద దొరుకుతుంది. ఇదంతా మూడు నాలుగు నిమిషాల పని. చాలామంది ఆడవాళ్లు "నూనె కారుతోంది డాక్టరమ్మా, ముట్టుకోకండి" అని వెనక్కి జరుగుతారు. వాళ్ల సిగ్గు పోవాలంటే ముందు మన చెయ్యి వెనక్కి పోకూడదు. ముసుగు తీయాల్సిన వాళ్లకు గదిలో ఒక తెర కూడా ఉండాలి. ఎన్ని ఆసుపత్రుల్లో ఉందో ఆలోచించండి.

చూసే ముందు అడగాల్సినవి రెండున్నాయి. ఇంట్లో ఇంకెవరికైనా ఉందా? ఇప్పటిదాకా ఏమేం రాశారు? రెండో ప్రశ్నకు జవాబు ఎప్పుడూ పొడుగ్గానే వస్తుంది. వేపాకు ముద్ద, పుల్ల పెరుగు, మెంతుల పిండి, నిమ్మరసం, కర్పూరం కాచిన కొబ్బరినూనె, చివరికి మెడికల్ షాపు అబ్బాయి ఇచ్చిన సీసా. వీటిలో కొన్ని హాని లేనివే. కానీ గోకి గోకి పచ్చిపుండైన మాడు మీద నిమ్మరసం పోస్తే అది మందు కాదు, శిక్ష. కర్పూరం నూనె చంటిపిల్లల చేతికి అందితే ఇంకా ప్రమాదం. కొంచెం కడుపులోకి వెళ్లినా ఫిట్స్ రావచ్చు.

ముందు పేల సంగతి, ఎందుకంటే మనం ఎక్కువ అన్యాయం చేస్తున్నది అక్కడే. పన్నెండేళ్ల అమ్మాయిని వాళ్ల నాన్న తీసుకొచ్చాడు. హాస్టల్లో ఉండి చదువుకుంటోంది. మెడ వెనక రెండు పక్కలా బిళ్లలు కట్టాయి. టీబీ గడ్డలేమోనని ఎక్కడో అనుమానించారు. ఛాతీ ఎక్స్‌రే తీశారు, రక్తపరీక్షలు చేశారు, గడ్డలో సూది గుచ్చి పరీక్షకు పంపాలని చెప్పారు. ఆ తండ్రి మిరప కోతలకు కూలికి వెళ్లే మనిషి, అప్పటికే అప్పు చేశాడు. అమ్మాయి రెండు జడలూ రిబ్బన్లు బిగించి మడిచి కట్టుకుని ఉంది. విప్పమంటే తలొంచుకుంది. మెడ మీద జుట్టు మొదలయ్యే చోట పుండ్లు చీము కారి అట్టగట్టాయి, చెవుల వెనక వెంట్రుకకో ఈపి. పేలు కుట్టిన చోట గోకితే గోళ్లతో సూక్ష్మక్రిములు దిగుతాయి, వాటిని ఎదుర్కోవడానికి మెడ వెనక బిళ్లలు ఉబ్బుతాయి. ఇది పాఠ్యపుస్తకంలో ఉన్న విషయమే. అంతమంది చేతుల మీదుగా వెళ్లిన ఆ పిల్ల జడను ఒక్కరూ విప్పి చూడలేదు. పుండ్లకు మందు, పేలకు మందు ఇచ్చాం. కొద్ది వారాల్లో బిళ్లలు కరిగిపోయాయి.

పేను నువ్వుగింజంత ఉంటుంది, 2 నుంచి 3 మిల్లీమీటర్లు. ఎగరదు, దూకదు. తలకు తల ఆనినప్పుడు పాకుతుంది. ఒకే మంచం మీద ఇద్దరు పడుకునే హాస్టల్లో అది ఎలా వ్యాపిస్తుందో వేరే చెప్పక్కర్లేదు. మొదటిసారి పేలు పట్టినప్పుడు దురద వెంటనే రాదు. ఒళ్లు పేను లాలాజలానికి ఎదురుతిరగడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పట్టవచ్చు. కాబట్టి గోక్కోవడం లేదు గనక పేలు లేవనుకోవడం పొరపాటు. చుండ్రు పొట్టు వేలితో లాగితే జారి వచ్చేస్తుంది, ఈపి వెంట్రుకను పట్టుకుని ఉండిపోతుంది. గోటితో దువ్వితే గానీ కదలదు. జుట్టు నెలకు సుమారు ఒక సెంటీమీటరు పెరుగుతుంది, పేను ఈపులను మాడుకు ఆనించే పెడుతుంది. అందుకని మాడుకు దూరంగా, చివర్లలో కనిపించే తెల్లటి ఈపులు చాలావరకు పొదిగిపోయిన ఖాళీ గుల్లలే. వాటిని చూసి మళ్లీ మళ్లీ మందు పూయనక్కర్లేదు.

మందు పెద్ద ఖరీదైనదేం కాదు. ఒక శాతం పెర్మెత్రిన్ లోషన్ కడిగి తుడిచిన జుట్టుకు పట్టించి, పది నిమిషాలుంచి కడిగేయాలి. ఈపులన్నీ దానికి చావవు కనుక తొమ్మిది రోజుల తర్వాత ఇంకోసారి. మధ్యలో రోజూ తడిజుట్టును సన్నపళ్ల దువ్వెనతో దువ్వాలి. ఇంట్లో పేలున్న వాళ్లందరికీ అదే రోజు చేయాలి. ఇంత తేలిక వైద్యం ఉండగా నేను చూసే తలలకు రాసుకొస్తున్నవి వేరే. సీతాఫలం గింజల పొడి పేలను చంపుతుంది, నిజమే. కానీ ఆ పొడి కంట్లో పడితే నల్లగుడ్డు పైపొర కాలిపోతుంది. రాత్రి తలకు పట్టించి పొద్దున కళ్లు తెరవలేక కంటి డాక్టరు దగ్గరికి పరుగెత్తిన ఆడవాళ్లు మన ఊళ్లలో ఉన్నారు. కిరోసిన్ పోస్తారు. చీమల చాక్‌పీసు రుద్దుతారు. పత్తికీ మిరపకూ కొట్టే పురుగుమందు డబ్బాలో అడుగున మిగిలినది తలకు రాస్తారు. మాడు మీద గోకిన గాట్లుంటే ఆ విషం నేరుగా రక్తంలోకి పోతుంది. నోట్లో చొంగ, చెమటలు, కంటిపాపలు చిన్నవైపోయి స్పృహ తప్పిన మనిషిని తెచ్చినప్పుడు, పురుగుమందు తాగిందా అని మాత్రమే అడక్కండి, తలకేమైనా రాశారా అని కూడా అడగండి.

పేలు శుభ్రత లేనివాళ్లకే పడతాయన్న మాట అబద్ధం. శుభ్రంగా తలంటుకున్న జుట్టూ పేనుకు సరిపోతుంది. ఈ అబద్ధం వల్లే తల్లులు దాచిపెడతారు, పిల్లలు నోరు విప్పరు, టీచరు క్లాసులో అందరి ముందూ పేరు పెట్టి లేపుతుంది. కొన్నిచోట్ల ఆడపిల్లలకు జుట్టు కత్తిరించేస్తారు, ఇంటికి పంపేస్తారు. ఈపులున్నాయని పిల్లల్ని బడికి రానివ్వకపోవడం తగదని అమెరికా పిల్లల వైద్యుల సంఘం ఏనాడో స్పష్టంగా చెప్పింది. మన దగ్గర ఆ మాట చెప్పే ఉత్తర్వు రావాలి.

పిల్లల తలలో ఇంకొక జబ్బుంది, దాన్ని తరచు పోల్చుకోలేకపోతున్నాం. తామర అంటే తొడల మధ్య, నడుము చుట్టూ వచ్చేదని అందరికీ తెలుసు. యుక్తవయసు రాని పిల్లల మాడుకు కూడా అది సోకుతుంది. గుండ్రంగా మచ్చ, దాని మీద బూడిదరంగు పొట్టు, వెంట్రుకలు మాడు దగ్గరే విరిగి నల్లటి చుక్కల్లా కనిపిస్తాయి. పక్కన పేనుకొరుకుడు పెట్టి చూస్తే తేడా తెలుస్తుంది. పేనుకొరుకుడు మచ్చ నున్నగా ఉంటుంది, పొట్టుండదు, దురదా అంతగా ఉండదు. దానికీ పేలకూ సంబంధం లేదు, శరీరంలోని రక్షణ వ్యవస్థ వెంట్రుక కుదుళ్ల మీద తిరగబడటం వల్ల వస్తుంది. ఇంట్లో పెద్దవాళ్లు మాత్రం రెండింటికీ గురివింద గింజ అరగదీసి రుద్దుతారు. గురివింద గింజ విషం. పుండైన చర్మం మీద దాన్ని రుద్దకండి.

తలతామర కొందరు పిల్లల్లో ఉబ్బి, మెత్తగా, చీముతో గడ్డలా తయారవుతుంది. చూసినవాళ్లు సెగగడ్డ అనుకుని కోసేస్తారు. కోస్తే చీము పెద్దగా రాదు, మచ్చ మిగిలిపోతుంది, అక్కడ మళ్లీ వెంట్రుక మొలవదు. పశువులున్న ఇంటి పిల్లాడైతే నేను తప్పకుండా అడుగుతాను: దూడ ఒంటి మీద వెంట్రుకలు రాలిన మచ్చలేమైనా ఉన్నాయా అని. దూడ నుంచి వచ్చే ఫంగస్ ఇలాంటి గడ్డలు కట్టిస్తుంది. పై పూతలు ఇక్కడ పనిచేయవు, ఫంగస్ వెంట్రుక లోపల ఉంటుంది గనక. గ్రిసియోఫల్విన్ గానీ టెర్బినఫిన్ గానీ వారాల తరబడి కడుపులోకి ఇవ్వాలి. గ్రిసియోఫల్విన్‌ను పాలతోనో, నెయ్యి వేసిన అన్నం తిన్నాకో వేసుకుంటే బాగా ఒంటబడుతుంది. రెండు వెంట్రుకలు, కాస్త పొట్టు గీకి పొటాష్ ద్రావణంలో వేసి మైక్రోస్కోపు కింద చూస్తే ఫంగస్ కనబడుతుంది. పరికరం ఉన్న ల్యాబులు చిన్న పట్టణాల్లో కూడా ఉన్నాయి. అడిగే డాక్టరు కావాలి.

ఇక అసలు చుండ్రు. మాలసేజియా అనే ఈస్ట్ అందరి మాడు మీదా ఉంటుంది. 1874లో లూయీ మాలసే అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు పొలుసుల్లో దాన్ని వర్ణించాడు, ఆయన పేరే దానికి నిలిచింది. చర్మం నుంచి ఊరే జిడ్డు తిని అది బతుకుతుంది. కొందరి చర్మం దానికి ఎర్రబడి పొట్టు రాలుస్తుంది. తీవ్రంగా ఉంటే జిడ్డుగా పసుపు పొలుసులు కడతాయి, కనుబొమల్లో, ముక్కు పక్కల, చెవుల వెనక కూడా కనిపిస్తాయి. మాడు పొడిబారి పొట్టు రాలుతోందనుకుని మనవాళ్లు వెంటనే నూనె దట్టిస్తారు. జిడ్డు తినే జీవికి అది మేత వేయడమే. నూనె మానమంటే మా అత్తగారి వయసు వాళ్లకు కోపం వస్తుందని నాకు తెలుసు. మానక్కర్లేదు, తలంటుకునే ముందు ఒక గంట రాసి కడిగేయమంటాను. రాత్రంతా ఉంచొద్దంటాను. రెండు శాతం కీటోకొనజోల్ షాంపూ వారానికి రెండుసార్లు, నెల రోజులు. నురగ మాడుకు తగిలేలా పట్టించి అయిదు నిమిషాలుంచాలి. రాసిన డాక్టర్లలో ఈ అయిదు నిమిషాల మాట చెప్పేవాళ్లు తక్కువ, పోసి వెంటనే కడిగేసి పనిచేయలేదనేవాళ్లు ఎక్కువ. తగ్గాక కూడా వారానికో రెండు వారాలకో ఒకసారి వాడుతూ ఉండాలి. శాశ్వతంగా పోతుందని టీవీలో చెప్పేవాళ్లను నమ్మకండి. ఇది మళ్లీ మళ్లీ వచ్చే స్వభావమున్నది, అదుపులో ఉంచుకోగలం, అంతే. ఒక హెచ్చరిక మాత్రం వైద్యులకు: మామూలు చుండ్రు ఉన్నట్టుండి మొహమంతా, ఛాతీ మీదకూ పాకి ఏ మందుకూ లొంగకపోతే హెచ్‌ఐవీ పరీక్ష గుర్తు చేసుకోవాలి.

చుండ్రనుకుని ఏళ్ల తరబడి షాంపూలు మారుస్తున్న వాళ్లలో కొందరిది సోరియాసిస్. పొలుసు మందంగా, వెండిరంగులో, గీత గీసినట్టు అంచు కట్టి ఉంటుంది. నుదుటి మీద జుట్టు దాటి ఒక వేలెడు ముందుకు వస్తుంది. ఒకాయన తిరుపతి వెళ్లి కల్యాణకట్టలో తలనీలాలిచ్చి వచ్చాక మాడంతా మచ్చలు బయటపడ్డాయి. కత్తి వల్ల అంటుకుందని ఇంటిల్లిపాదీ బెంగపెట్టుకున్నారు, భార్య ఆయన తువ్వాలు వేరుచేసింది. సోరియాసిస్ అంటుకోదు. ఆ మచ్చలు జుట్టు కింద అంతకుముందు నుంచీ ఉన్నవే. ఆయన చేతులు తీసుకుని చూస్తే గోళ్ల మీద సూదితో పొడిచినట్టు గుంటలు. పొద్దున్నే వేళ్లు బిగుసుకుంటాయా అని అడిగితే, దానికి వేరే డాక్టరు దగ్గర ఎన్నాళ్లుగానో నొప్పి మాత్రలు వాడుతున్నానన్నాడు. మాడు మీద, గోళ్ల మీద సోరియాసిస్ ఉన్నవాళ్లకు కీళ్లవాపు వచ్చే అవకాశం ఎక్కువ. ఆ రెంటినీ కలిపి చూడగలిగేది కుటుంబ వైద్యుడే. స్పెషలిస్టుల మధ్య రోగి ముక్కలైపోకుండా కాపాడే పని మనదే కదా.

పెళ్లిళ్ల రోజుల్లో, పండగల ముందు ఇంకోరకం వస్తారు. నుదుటి గీత పొడుగునా, చెవి తమ్మెల మీద, మెడ మీద ఎర్రగా దద్దు. మాడు కంటే ముందు కనురెప్పలు ఉబ్బి కళ్లు మూసుకుపోతాయి, ఎందుకంటే అక్కడ చర్మం పలచన. "నిన్న ఏం తిన్నారు?" అనే మొదటి ప్రశ్న వేస్తారు ఎక్కువమంది డాక్టర్లు. వంకాయ మానేయండి, గోంగూర మానేయండి, రొయ్యలు ముట్టుకోకండి అని పథ్యం చెబుతారు. అడగాల్సింది రంగు ఎప్పుడు వేసుకున్నారని. నల్లరంగుల్లో ఎక్కువగా వాడే పారాఫెనిలీన్‌డయమీన్ అనే పదార్థం, పీపీడీ అంటాం, పడనివాళ్లకు ఒకటి నుంచి మూడు రోజుల్లో ఇలా లేస్తుంది. రంగు వేసిన రోజు బాగానే ఉండటంతో ఎవరూ దాన్ని అనుమానించరు. "ఏళ్లుగా ఇదే వేస్తున్నానండీ, ఇప్పుడెందుకు పడదు?" అంటారు. అలర్జీ ఏళ్ల వాడకం తర్వాత కూడా పుడుతుంది, పుట్టాక పోదు. అమ్మోనియా లేదని డబ్బా మీద రాసి ఉంటే పీపీడీ లేదని కాదు. గోరింటాకు పేరుతో అమ్మే నల్లపొడుల్లో కూడా పీపీడీ కలుపుతున్నారు. కొత్త రంగు కొన్నప్పుడు మోచేతి మడతలో చుక్క రాసి రెండు రోజులు ఆగి చూడమని డబ్బా లోపలి కాగితం మీద ఉంటుంది. ఆ కాగితం చదివేవాళ్లెవరు? ఆ మాట డబ్బా పైనే, తెలుగులో, పెద్ద అక్షరాల్లో వేయించాలి.

వీటన్నిటి మీదా ముసుగు కప్పుతున్నది మెడికల్ షాపు సీసా. క్లోబెటసాల్ వంటి బలమైన స్టిరాయిడ్, దాంతో ఫంగస్ మందు, యాంటీబయాటిక్ అన్నీ కలిపిన పూతలు చిల్లర సరుకులా అమ్ముడవుతున్నాయి. రెండు రోజుల్లో దురద తగ్గుతుంది, అందుకే జనం మళ్లీ కొంటారు. మానగానే రెట్టింపై తిరిగొస్తుంది. నుదుటికి జారిన చోట చర్మం పలచబడి ఎర్రటి నరాలు తేలతాయి, మొటిమలు లేస్తాయి. తామర ఉన్నచోట రూపు మారిపోయి అనుభవమున్న కళ్లకు కూడా దొరకదు. చర్మవైద్యుల సంఘం ఏళ్ల తరబడి పట్టుబట్టాక, డాక్టరు చీటీ లేకుండా స్టిరాయిడ్ పూతలు అమ్మకూడదని 2018లో కేంద్రం నిబంధన మార్చింది. మా వీధిలో ఈరోజు వెళ్లి అడిగినా చీటీ అడగరు. ఔషధ నియంత్రణ అధికారులు ఒక్క నెల దీని మీదే తనిఖీ పెట్టి చూడమని నా విన్నపం. ఇదంతా మెడికల్ షాపుల, డిగ్రీ లేకుండా వైద్యం చేసే ఆర్‌ఎంపీల తప్పని మనం చేతులు దులుపుకోవడానికీ లేదు. ఎంబీబీఎస్ చీటీల మీద కూడా అవే సీసాల పేర్లు నేను చూస్తున్నాను. చదువుకునే రోజుల్లో చర్మవ్యాధుల విభాగంలో మేం గడిపేది కొద్ది వారాలు, ప్రాక్టీసులోకి వచ్చాక రోజూ ఎదురయ్యేవి అవే జబ్బులు. ఈ తేడాను వైద్యవిద్య నడిపేవాళ్లు సరిచేయాలి.

పాయపాయా చూసినా ఏమీ కనిపించని తలలూ ఉంటాయి. మాడు శుభ్రంగా ఉంటుంది, దురద మాత్రం నిద్ర పట్టనివ్వదు. ఏమీ లేదని పంపేయడం ఇక్కడ జరిగే అన్యాయం. షుగరు, హిమోగ్లోబిన్, థైరాయిడ్, కిడ్నీ, లివరు పరీక్షలు చేయించాలి. మెడ ఎముకల అరుగుదల వల్ల నరాలు నలిగినా, నుదుటికి సర్పి వచ్చి మానినా అక్కడ మంటా దురదా కలిసి ఉండిపోవచ్చు. ఇంకొందరు కాగితం పొట్లంలోనో అగ్గిపెట్టెలోనో ఏవో తెచ్చి, పురుగులు తలలో పాకుతున్నాయంటారు. విప్పి చూస్తే పొట్టు, దారప్పోగులు. ఎక్కువమంది ఒంటరిగా ఉండే పెద్ద వయసు వాళ్లే. ఆ పొట్లం విప్పి, భూతద్దంతో వాళ్ల ఎదుటే చూడాలి, తలా చూడాలి. పురుగుల్లేవని వాదించి గెలవలేం. మళ్లీ మళ్లీ రమ్మని, నిద్ర గురించి, ఇంట్లో ఎవరున్నారన్న దాని గురించి మాట్లాడి, నమ్మకం కుదిరాక మానసిక వైద్యుల సాయం తీసుకోవాలి. నవ్వితే వాళ్లు మళ్లీ రారు, ఇంటికెళ్లి మాడుకు పురుగుమందు రాసుకుంటారు.

ఒక్క రకాన్ని మాత్రం ఆలస్యం లేకుండా చర్మవైద్యుల దగ్గరికి పంపాలి. దురదతో పాటు జుట్టు ఊడి, ఊడిన చోట మాడు మెరుస్తూ, వెంట్రుక రంధ్రాలే కనిపించకుండా పోతుంటే కుదుళ్లు మాసిపోతున్నాయని అర్థం. పోయిన కుదురు తిరిగి రాదు.

రోజుకు వందమందిని చూసే ప్రాథమిక ఆరోగ్య కేంద్రం డాక్టరుకు ఇదంతా ఎలా వీలవుతుందని అడుగుతారు. అడగడం న్యాయమే. అలాంటి చోట మందు రాయకుండా, ఫలానా రోజు మధ్యాహ్నం నూనె లేకుండా రమ్మని చెప్పడం మేలు. చూడని తలకు రాసిన సీసా వల్ల ఆ రోగి మూడుసార్లు తిరిగొస్తాడు, ఆ టైమంతా కూడా మనదే. రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం బృందాలు బడులకు వస్తూనే ఉన్నాయి. పళ్లూ కళ్లూ చూసినట్టే జడలు కూడా విప్పించి చూడమని, ఒక్కొక్క పిల్లనే పక్కకు పిలిచి చూడమని కోరుతున్నాను. గురుకులాల్లో, కస్తూర్బా విద్యాలయాల్లో ప్రతి అమ్మాయికీ సొంత దువ్వెన, పేల మందు సర్కారే ఇవ్వాలి. అందరికీ ఒకే రోజు పట్టించి, తొమ్మిది రోజులకు మళ్లీ పట్టించాలి. సగం మందికి రాసి వదిలేస్తే నెల తిరక్కుండా మొదటికొస్తుంది.

దురదతో బాధపడేవాళ్లకు కూడా నాలుగు మాటలు చెప్పాలి. డాక్టరు దగ్గరికి వెళ్లే ముందు రెండు రోజులు నూనె, రంగు మానండి. ఇప్పటిదాకా వాడిన సీసాలు, పొడులు, రంగు డబ్బా అన్నీ ఒక సంచిలో వేసుకుని వెళ్లండి, పేర్లు గుర్తులేవని ఇబ్బంది పడక్కర్లేదు. కూర్చోగానే మొదటి మాటగా తల దురద గురించే చెప్పండి, లేచేటప్పుడు కాదు. చూడకుండా రాయబోతే తల చూడమని అడగండి, అడిగితే తప్పేం లేదు. ఇచ్చిన మందు చెప్పినట్టు నాలుగు వారాలు వాడినా తగ్గలేదంటే అదే సీసా మళ్లీ కొనకండి. ఆ సీసా పట్టుకుని డాక్టరు దగ్గరికే మళ్లీ వెళ్లండి.